ఆవు వ్యాసములో లేని వాక్యము

పాఠశాలలో చదివిన తెలుగువారిలో ఆవును గూర్చి వ్యాసము వ్రాయనివారు అరుదు. ఆవు సాధుజంతువు, దానికి నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, ఒక తోక కలవు, అది గడ్డి తిని పాలిచ్చును, దాని పేడ పొలమునకు ఎరువు, దాని కోడెదూడ పెరిగి ఎద్దయి నాగలి లాగును. ఈ వాక్యములు తాతనుండి మనుమని వరకు ఇంచుమించు మార్పులేకుండ వచ్చినవి. ఏ ప్రశ్న అడిగినను దానిని ఎట్లో ఆవు దగ్గరకు లాగుకొనివచ్చి జవాబు ముగించు విద్యార్థి కథ కూడ అందరు ఎరిగినదే. ఇంతగా నలిగిన ఈ వ్యాసములో ఒక్క చిన్న వాక్యము మాత్రము కనబడదు. ఆవునకు నొప్పి కలుగును అనునదే ఆ వాక్యము.

ఈ లోపము పిల్లలదని అనుటకు వీలులేదు. పెద్దల భాషలో ఉన్నదే పిల్లలు వ్రాయుదురు. పశువును తెలుగువాడు ప్రేమతో 'నోరులేని జీవి' అనును. ఆ మాటలో జాలి కలదు. దానిని కొట్టకుము, వేళకు మేత వేయుము, నీళ్లు పెట్టుము అను హెచ్చరిక కలదు. కాని అదే మాటలో ఒక సౌకర్యము కూడ దాగియున్నది. నోరు లేదు గనుక చెప్పదు. చెప్పదు గనుక బాధ లేదు. ఈ తర్కము తెలియకుండనే మనసులో స్థిరపడును. మరియొక ప్రక్క, ఎవనినైన కఠినముగా కొట్టినపుడు 'గొడ్డును బాదినట్లు బాదినాడు' అందురు. మనుష్యుని బాధ తెలుపుటకు గొడ్డు బాధను పోలికగా తెచ్చిన భాష గొడ్డునకు బాధ కలదని ఎరుగదా? ఎరుగును. ఎరిగియు, ఆ దెబ్బలు గొడ్డునకు మామూలనియు, మనుష్యునకు మాత్రమే అన్యాయమనియు తీర్మానించినది. కనుక లోపము తెలియకపోవుటలో లేదు. తెలిసినదానిని లెక్కలో చేర్చకపోవుటలో ఉన్నది.

లెక్కలో చేరని నొప్పులు పశువు జీవితములో కొద్దివి కావు. కోడెదూడ ఈడునకు వచ్చినపుడు ముక్కు కుట్టి ముకుతాడు వేయుదురు. పనికి లొంగుటకై విత్తులు కొట్టింతురు. గుర్తు కొరకు కొన్నిచోట్ల, రోగము పోవునను నమ్మకముతో మరికొన్నిచోట్ల, వాతలు పెట్టుదురు. పాడి పశువులకు దూడప్రాయమున కొమ్ము మొలకలను కాల్చివేయుట ఉన్నది. ఈనిక కష్టమైనపుడు అడ్డము తిరిగిన దూడను చేతితో సరిచేసి లాగవలసి వచ్చును. మన దేశపు ఎద్దులలో తరచుగా కానవచ్చు కొమ్ము కాన్సరుకు కొమ్మును మొదలంట తీసివేయుట తప్ప వేరు దారి లేకపోవచ్చును. ఇవి గాక పొదుగువాపు, గిట్టల పుండ్లు, గాలికుంటు ఉండనే ఉన్నవి. వీనిలో కొన్ని తప్పనివి. తప్పనివైనంత మాత్రమున నొప్పితోనే జరుగవలెనను నియమము లేదు.

విత్తులు కొట్టుట అను ఒక్క పనిని తీసికొని చూచినచో సంగతి తేటపడును. పూర్వము కోడె కాళ్లు కట్టి పడవేసి, బీజములకు పోవు నాళములను కట్టెల నడుమ నొక్కి కొట్టెడివారు. 20వ శతాబ్దిలో ఇటలీ దేశమునుండి బర్డిజో అను పెద్ద పటకారు వచ్చినది. దానితో నొక్కినపుడు చర్మము తెగదు, రక్తము కారదు, పుండు పడదు, ఈగ వాలి పురుగు పట్టు భయము లేదు. ఉష్ణదేశములో ఇది నిజముగా పెద్ద మేలు. అందువలననే ఆ పనిముట్టు పశువైద్యశాలలన్నిటికి చేరినది. కాని ఆ మేలుతోపాటు ఒక భ్రమ కూడ వచ్చినది. రక్తము కనబడలేదు గనుక బాధ లేదని చూచువారు అనుకొనిరి. చర్మము చెక్కుచెదరక నిలిచినను, దాని క్రింద నరములతో కూడిన నాళము నలిగి చితుకుచున్నది. కోడె ఒక్కసారి ఎగిరిపడి అరచును. తరువాత బిగుసుకొని నిలుచును. కట్టు విప్పగానే నడచిపోవును. 'చూచితిరా, ఏమియు లేదు' అందురు. ఆ రాత్రి అది పడుకొనలేక నిలువుకాళ్ల మీద ఉన్న సంగతి, మరునాడు మేత ముట్టని సంగతి వైద్యశాల పుస్తకములో ఎక్కవు.

పశువు నొప్పిని దాచుకొనును. ఇది దాని మొండితనము కాదు, జాతిస్వభావము. మందలో కుంటునదానిని, వెనుకబడినదానిని పులి మొదట పట్టును. వేల తరములు అడవిలో ఈ పరీక్షకు నిలిచి వచ్చిన జాతికి బాధను బయటపెట్టకుండుటయే ప్రాణరక్షణమైనది. ఇల్లు చేరినను ఆ అలవాటు పోలేదు. ఐనను దాచుటకు కూడ ఒక హద్దున్నది. నొప్పి గల పశువు నెమరు మానును, పండ్లు కొరుకును, వీపు గూనిచేసి నిలుచును, చెవులు వ్రాల్చును, కన్నులు సగము మూయును, కడుపు నొప్పి ఐనచో తన డొక్కను తానే తన్నుకొనును, మందకు దూరముగా మూల నిలుచును. ఇవి నేటి పశువైద్య గ్రంథములు చెప్పు గుర్తులే. కాని ఏ గ్రంథము చదువని ముసలి కాపరి కూడ పొద్దున కొట్టములోనికి పోయి ఒక్క చూపు చూచి, 'ఇది నెమరు వేయుట లేదు, దీనికేదో ఐనది' అనును. శాస్త్రజ్ఞులు కొమ్ము కాల్చిన దూడల రక్తము పరీక్షించి, కార్టిజాల్ అను పదార్థము హెచ్చి కొన్ని గంటల వరకు తగ్గకుండుట చూచిరి. కాపరి చూపు, ప్రయోగశాల లెక్క ఒకే మాట చెప్పుచున్నవి. నోరులేని జీవికి భాష లేకపోలేదు, చదువువారు కావలెను.

ఈ బాధను గుర్తించిన రాజు మన దేశములో ఒకడు ఉండెను. కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి వద్ద కొండరాళ్ల మీద అశోకుని శాసనములు ఇప్పటికి నిలిచి ఉన్నవి. అచటి రెండవ శిలాశాసనములో మనుష్యులకు, పశువులకు వేరువేరుగా చికిత్స ఏర్పరచితినని, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించితినని ఆ చక్రవర్తి చెప్పుకొనెను. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దినాడే తెలుగుదేశపు రాతిమీద పశుచికిత్స అను భావము చెక్కబడినదన్నమాట. ఉత్తరదేశపు స్తంభములమీద ఉన్న అయిదవ స్తంభశాసనము ఇంకను ముఖ్యమైనది. పట్టాభిషేకమైన 26వ ఏట వ్రాయించిన ఆ శాసనములో, అష్టమి, చతుర్దశి, పంచదశి తిథులలోను, తిష్య, పునర్వసు నక్షత్రములు గల దినములలోను, మరికొన్ని పుణ్యదినములలోను ఎద్దులకు విత్తులు కొట్టరాదని ఆజ్ఞ కలదు. మేకపోతులకు, పొట్టేళ్లకు కూడ ఆ రక్ష వర్తించినది. కొన్ని దినములలో గుఱ్ఱములకు, ఎద్దులకు వాతలు పెట్టుట కూడ నిషేధింపబడినది.

అశోకుడు ఆ పనిని పూర్తిగా ఏల ఆపలేదు అని విద్యార్థి ప్రశ్నింపవచ్చును. జవాబు కష్టము కాదు. దేశము వ్యవసాయము మీద నిలిచినది. వ్యవసాయము ఎద్దు మీద నిలిచినది. విత్తులు కొట్టని కోడె కాడికి లొంగదు. పని మాన్పించుటకు వీలులేదు. బాధ మాన్పించుటకు చేతిలో సాధనము లేదు. అట్టి స్థితిలో దయగల పాలకుడు చేయగలిగినది కొన్ని దినములు విరామమిచ్చుట. పంచాంగమే అతని చేతిలోని మందు. నేటి తెలుగు రైతు కనుమనాడు చేయునది కూడ ఇట్టిదే. ఆనాడు ఎద్దు మెడ మీద కాడి లేదు. కొమ్ములకు రంగు, మెడకు గంటలు, నుదుట పసుపు కుంకుమలు. అది చక్కని ఆచారము. కాని అశోకునకు, నేటి రైతునకు ఒక భేదమున్నది. అశోకునికి లేని సాధనము నేడు ప్రతి పశువైద్యుని సంచిలో పట్టును.

1943లో స్వీడను దేశమున రసాయన శాస్త్రజ్ఞుడు నీల్స్ లోఫ్‌గ్రెన్ లిగ్నోకైను అను మందును సృష్టించెను. పన్ను పీకించుకొన్న ప్రతివాడును దాని గుణమెరుగును. అదే మందును కోడె బీజనాళములోనికి, చర్మము క్రిందికి సూదితో ఎక్కించినచో ఐదు పది నిమిషములలో ఆ భాగము మొద్దుబారును. కంటి కొనకు, కొమ్ము మొదటికి నడుమ ఎముక అంచు క్రింద పోవు నరము దగ్గర ఎక్కించినచో కొమ్ము మొద్దుబారును. తోక మొదటి ఎముకల సందున ఎక్కించినచో వెనుక భాగము మొద్దుబారి, ఈనికలోని కష్టమైన పనులు పశువును హింసింపకుండ చేయవచ్చును. ఇవి కొత్త విద్యలు కావు. పశువైద్య కళాశాలలో చదివిన ప్రతివాడును నేర్చినవే.

ఐతే ఈ మందు ప్రభావము ఒకటి రెండు గంటలకు మించదు. అది తీరగానే కొత్త గాయపు పోటు మొదలగును. లిగ్నోకైను మాత్రమే ఇచ్చిన దూడలలో కార్టిజాల్ వెంటనే హెచ్చక, మందు దిగిన తరువాత హెచ్చుట పరీక్షలలో తేలినది. అనగా నొప్పి పోలేదు, వాయిదా పడినది. అందువలన వాపును, పోటును తగ్గించు మెలాక్సికాము వంటి మరియొక మందు కూడ ముందే ఇయ్యవలెను. అది ఒక దినమునకు పైగా పనిచేయును. ఒకటి కోతవేళకు, రెండవది కోత తరువాతి రాత్రికి. మనుష్యునకు శస్త్రచికిత్స చేయునపుడు ఈ రెండును ఎవరును అడుగకయే ఇత్తురు. పశువునకు ఇచ్చుట ఒక ప్రత్యేకమైన దయగా భావింపబడుచున్నది.

చట్టము ఈ విషయమున ఏమి చెప్పినది? ప్రసిద్ధ నర్తకి, రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్ 1950 దశకమున చేసిన కృషి ఫలితముగా 1960లో పశుహింసా నివారణ చట్టము వచ్చినది. అనవసరమైన బాధ కలిగించుట నేరమని అది ప్రకటించెను. కాని అందులోనే ఒక మినహాయింపు కలదు. కొమ్ములు తీయుట, విత్తులు కొట్టుట, వాతలు పెట్టుట, ముక్కు కుట్టుట 'నిర్ణీత విధానమున' జరిగినచో నేరములు కావు. ఆ నిర్ణీత విధానము ఏది? దానిని నిర్ణయించు నియమములు 2023 వరకు రాలేదు. 63 ఏండ్లపాటు చట్టములో తలుపు ఉన్నది, తాళము లేదు. 2023 నియమములు వైద్యుని పర్యవేక్షణను, మత్తుమందును, నొప్పి తగ్గించు మందును చేర్చినవి. అది స్వాగతింపదగినదే. కాని రాజపత్రములోని అక్షరము కొట్టములోని కోడె దగ్గరకు తనంత తాను నడచిపోదు.

అది నడచిపోకుండ అడ్డుపడు ఆక్షేపణలు కొన్ని ఉన్నవి. వానిని తేలికగా త్రోసివేయరాదు. మొదటిది కాలము. ఒక్క వైద్యునికి అనేక గ్రామములు. శిబిరమునాడు బారులు తీరిన పశువులు. ఒక్కొక్కదానికి పది నిమిషములు వేచియుండుట సాధ్యమా? సాధ్యమే. పది కోడెలు వరుసగా ఉన్నచో మొదట అన్నిటికి సూది వేసి, పదవదానికి వేయునప్పటికి మొదటిది సిద్ధముగా ఉండును. కావలసినది కాలముకంటె క్రమము. రెండవది ఖర్చు. లిగ్నోకైను ఖరీదైన మందు కాదు. కోడె విలువతో పోల్చినచో ఆ ఖర్చు లెక్కకు రాదు. పైగా నొప్పితో మేత మానిన ఆవు పాలు తగ్గించును, బరువు తగ్గును. అది కూడ రైతు సొమ్మే. మూడవది, నొప్పి తెలియకపోయినచో పశువు కట్టుకట్టిన కాలిని ఎక్కువగా వాడి చెడగొట్టుకొనునను భయము. విరిగిన కాలి విషయమున ఇందులో కొంత నిజము లేకపోలేదు. దానికి కట్టివేసి విశ్రాంతి ఇచ్చుట ఉపాయము గాని, నొప్పినే కాపలాకు పెట్టుట ఉపాయము కాదు. నాల్గవది పాలు. మందు వాడిన తరువాత నిర్దిష్టమైన దినములు ఆ పాలు అమ్మరాదు. ఇది నిజమైన నష్టమే. దీనిని వైద్యుడు ముందుగా రైతునకు చెప్పవలెను, రైతు పాటింపవలెను. పశువునందలి దయ పాలు త్రాగు పసిబిడ్డకు కీడు కారాదు.

వీనియన్నిటికంటె బరువైన ఆక్షేపణ వేరొకటి ఉన్నది. అది రాబందులది. ఒకప్పుడు ఊరివెలుపల పడవేసిన గొడ్డు కళేబరమును రాబందులు కొన్ని గంటలలో ఎముకలగూడు చేసెడివి. 1990 దశకమునుండి అవి కంటికి కనబడకుండ పోయినవి. 1992 మొదలు 2007 వరకు తెల్లవీపు రాబందులు నూటికి 99 వంతులకు పైగా నశించినవని లెక్కలు తేల్చినవి. కారణము 2004లో బయటపడినది. నొప్పి, వాపు తగ్గుటకై పశువులకు ఇచ్చుచుండిన డైక్లోఫెనాకు అను మందు చచ్చిన గొడ్డు మాంసములో మిగిలి, దానిని తిన్న రాబందుల మూత్రపిండములను చెరచినది. పశువు నొప్పి తీర్చిన మందే పక్షిజాతిని తుడిచిపెట్టినది. 2006లో పశువులకు ఆ మందును భారత ప్రభుత్వము నిషేధించినది. మనుష్యులకై అమ్ము పెద్ద సీసాలు దొంగదారిని కొట్టములకు పోవుచున్నందున 2015లో ఆ పెద్ద సీసాలను కూడ ఆపవలసి వచ్చినది. అట్టి కీడే చేయునవని తేలిన కీటోప్రోఫెను, అసిక్లోఫెనాకులను 2023లోను, నిమెసులైడును 2024 చివరను పశువైద్యమునుండి తొలగించిరి.

ఈ కథ విని, 'చూచితిరా, పశువు నొప్పి జోలికి పోకుండుటయే మేలు' అనువారు ఉందురు. కథ చెప్పు నీతి అది కాదు. రాబందులను చంపినది దయ కాదు, పరీక్షింపని మందు. మెలాక్సికాము రాబందులకు కీడు చేయదని 2006 నాటికే పరీక్షలలో తేలినది. పశువునకు మేలు, పక్షికి క్షేమము ఒకే మందులో దొరకినపుడు రెండింటిలో ఒకదానిని వదలుకొనవలసిన అగత్యము లేదు. తెలంగాణలో బెజ్జూరు దిక్కున పాలరాపు గుట్టమీద రాబందులు గూళ్లు కట్టిన సంగతి పక్షిశాస్త్రజ్ఞులు ఎరుగుదురు. ఆ గూటిలోని పిల్ల బ్రతుకు ఏదో యొక ఊరి మందులకొట్టులో ఏ సీసా అమ్ముదురను దానిమీద ఆధారపడియున్నది. దయకు తెలివి తోడు కావలెనని చెప్పుటకు ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు.

ఇక ఈ పని ఎవరిది? వైద్యునిది మొదటిది, సూది అతని చేతిలో ఉన్నది. ప్రభుత్వముది రెండవది, ఊరి వైద్యశాలకు మత్తుమందు, నొప్పిమందు కొరత లేకుండ చేర్చనిదే నియమము కాగితముమీదనే నిలుచును. 1962 నంబరుకు పిలిచిన వచ్చు సంచార పశువైద్య వాహనములలో కూడ అవి తప్పక ఉండవలెను. రైతుది మూడవది, అతడు అడుగుట నేర్వవలెను. 'అయ్యా, మొద్దుబారు సూది వేసి నొక్కుడు' అని యజమాని ఒక్క మాట అన్నచో కాదను వైద్యుడు అరుదుగా ఉండును. అడుగువాడు లేనందువలననే అనేక మంచి పనులు జరుగకుండ పోవుచున్నవి.

ఆ అడుగుట నేర్పవలసినది పాఠశాల. పల్లె బడిలో సగము మంది పిల్లలు పొద్దున పశువుల కొట్టములోనుండి వచ్చినవారే. వారికి నెమరు అననేమో తెలియును. చెవి వ్రాల్చిన దూడను వారు చూచియున్నారు. ఉపాధ్యాయుడు ఆవు వ్యాసము వ్రాయించుటకు ముందు ఒక్క వారము వారిని తమ ఇంటి పశువును గమనింపుమనవలెను. అది ఎప్పుడు పడుకొన్నది, ఎంతసేపు నెమరు వేసినది, కుంటినదా, మేత మిగిల్చినదా అని వ్రాసికొనిరమ్మనవలెను. అట్లు వ్రాసిన పిల్లవాడు ఆవునకు కాళ్లెన్ని అని లెక్కించుటతో ఆగడు. ఆ నాలుగింటిలో ఏ కాలు నొచ్చుచున్నదో కూడ చెప్పగలుగును. రేపు కోడెను వైద్యశాలకు తోలుకొనిపోవు తండ్రితో నాలుగు మాటలు చెప్పగలిగినవాడు వాడే.

క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దిలో ఒక రాజు పశువునకు కొన్ని దినములు విరామమిచ్చినందుకు రెండువేల యేండ్లకు పైగా చరిత్ర అతనిని తలచుకొనుచున్నది. ఆ దినములను ఏడాది పొడుగున సాగదీయుటకు నేడు చక్రవర్తి అక్కరలేదు. ఒక సూది, పది నిమిషముల ఓపిక చాలును. ఆవు సాధుజంతువు అని వ్రాయుట సులభము. దాని సాధుత్వము మనుష్యునకు సెలవు చీటీ కాదు, బాధ్యత. పిల్లల పుస్తకములో నొప్పి అను మాట కూడ చేరినపుడే ఆ వ్యాసము పూర్తియైనదగును.